స్విచ్‌లో లైటు వెలుగుతోంది, సీటు మాత్రం వేడెక్కడం లేదు

చలికాలం దగ్గర పడుతోంది. విజయవాడ, గుంటూరుల నుంచి లంబసింగికో, అరకుకో, ఓపికుంటే లద్దాఖ్‌కో బైకు తీసేవాళ్లు సీటు హీటర్ కిట్లు బిగించుకుంటున్నారు. మన ఊళ్లో ఆ వేడితో ఎవరికీ పని పడదు. అందుకే లోపం ఉన్నా ఇక్కడ బయటపడదు, నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కాక తెలుస్తుంది. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ దీని మీదే ఉన్నాయి కనుక శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాం.

ప్రశ్న (పటమట, విజయవాడ): నా బండికి ముందు సీటులో ఒకటి, వెనక సీటులో ఒకటి హీటర్ ప్యాడ్లు పెట్టించాను. ఒక్కోదాని మీద 12 వోల్టులు, 36 వాట్లు అని ఉంది. రిలే, ఫ్యూజు, హై–లో స్విచ్ కిట్‌తోనే వచ్చాయి. మొదట్లో బాగానే వేడెక్కింది. ఈమధ్య రెక్సిన్ కవరు మార్పించాను. ఇప్పుడు స్విచ్ వేస్తే దానిలో లైటు వెలుగుతుంది కానీ రెండు సీట్లూ చల్లగానే ఉంటున్నాయి. ఫ్యూజు బాగానే ఉంది. మెకానిక్ మీటరు పెట్టి చూసి ప్యాడ్లు కాలిపోయాయి, మార్చాలి అంటున్నాడు. నిజమేనా?

జవాబు: అంత తొందరపడి ప్యాడ్లు కొనకండి. రెండు ప్యాడ్లూ ఒకేసారి కాలిపోవడం అరుదు. రెండూ ఒక్కసారే ఆగిపోయాయంటే లోపం ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న దారిలో, అంటే రిలేలోనో (స్విచ్ వేస్తే ప్యాడ్లకి కరెంటు కలిపే చిన్న డబ్బా), ఎర్త్‌లోనో (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి), సీటు కింద కప్లర్‌లోనో (వైర్లు కలిపే ప్లగ్గు) ఉండే అవకాశమే ఎక్కువ.

స్విచ్‌లో లైటు గురించి ముందు చెప్పాలి. ఆ లైటుకి కరెంటు వచ్చే దారి వేరు, ప్యాడ్‌కి వెళ్లే దారి వేరు. లైటు వెలిగిందంటే స్విచ్ దాకా సప్లయి వచ్చిందని మాత్రమే అర్థం. ప్యాడ్ వైరు తెగి వేలాడుతున్నా అది నిక్షేపంగా వెలుగుతుంది.

మీ మెకానిక్ మీటరు ఏ వేళప్పుడు పెట్టాడో కనుక్కోండి. మన ప్రాంతంలో ఇది చాలా ముఖ్యం. కిట్ ప్యాడ్లలో చాలావాటికి లోపల చిన్న థర్మోస్టాట్ ఉంటుంది. కిట్‌ను బట్టి 40 నుంచి 50 డిగ్రీల మధ్య ఎక్కడో అది సర్క్యూట్ తెంచేస్తుంది, చల్లబడితే మళ్లీ కలుపుతుంది. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండి నల్ల రెక్సిన్ తేలిగ్గా 60 డిగ్రీలు దాటుతుంది. అప్పటికే థర్మోస్టాట్ తెరుచుకుని ఉంటుంది. ఆ స్థితిలో ఓమ్‌లు కొలిస్తే మీటరు ఓపెన్ (దారి తెగింది) అనే చూపిస్తుంది, చూసినవాళ్లు ప్యాడ్ కాలిపోయింది అనేస్తారు. అందుకని ఈ పరీక్షలన్నీ బండి రాత్రంతా నీడలో ఉన్నాక, పొద్దున్నే చేయండి. అంత ఆగలేకపోతే ఫ్రిజ్‌లోని నీళ్ల సీసాకి పొడి గుడ్డ చుట్టి సీటు మీద, థర్మోస్టాట్ ఉండే చోట పావుగంట పెట్టండి. వైరు బయటికి వచ్చే వైపు ఫోమ్ మీద వేలితో నొక్కుతూ వెళ్తే చిన్న గట్టి బిళ్లలా తగులుతుంది, అదే థర్మోస్టాట్. చల్లబడ్డాక మీటరు రీడింగ్ తిరిగి వచ్చిందంటే ప్యాడ్ బాగున్నట్టే.

ఇక పొద్దున పూట వరసగా చూడాల్సినవి. సీటు తీసి, ప్యాడ్ నుంచి వచ్చే కప్లర్ విడదీయండి. కవరు మార్చేవాళ్లు సీటు ఊడదీసినప్పుడు దీన్ని తీస్తారు, తిరిగి పెట్టేటప్పుడు క్లిక్‌మనే దాకా నొక్కరు. బయటికి కలిసినట్టే కనిపిస్తుంది, లోపల పిన్ను వెనక్కి జరిగిపోయి ఉంటుంది. కప్లర్ వెనక నుంచి ఒక్కో వైరునూ మెల్లగా లాగి చూడండి, వదులుగా కదిలేది దొరికితే దోషి అదే. వర్షాకాలం దాటిన బండి అయితే పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టిందేమో కూడా చూడండి. సీటు కుట్ల గుండా దిగిన నీరు వైరు వెంట పాకి సరిగ్గా ఈ కప్లర్‌లోకే చేరుతుంది. చిలుము కొద్దిగా ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, గట్టి బ్రష్షుతో రుద్ది, డైఎలక్ట్రిక్ గ్రీజు పూయండి. వైరు లోపలి రాగి కూడా నల్లబడితే శుభ్రం చేసి లాభం లేదు, అంత మేర కోసేసి కొత్త పిన్ను క్రింప్ చేయాల్సిందే.

కప్లర్ విడిగా ఉన్నప్పుడే ప్యాడ్ వైపు ఓమ్‌లు కొలవండి. 12 వోల్టులకు 36 వాట్ల ప్యాడ్ అంటే 3 ఆంపియర్లు, అంటే 4 ఓమ్‌లు. చవక మీటర్ల ప్రోబులకే 0.3 నుంచి 0.5 ఓమ్ దాకా ఉంటుంది కాబట్టి ముందు రెండు ప్రోబులూ ఒకదానికొకటి తాకించి ఎంత చూపిస్తుందో గుర్తుపెట్టుకుని, ఆ మేరకు తీసేయండి. నాలుగుకు అటూ ఇటూ వస్తే ప్యాడ్ మంచిదే. చల్లని సీటులో కూడా ఓపెన్ చూపిస్తే ప్యాడో థర్మోస్టాటో పోయినట్టు. సున్నాకి దగ్గరగా వస్తే లోపల షార్ట్. కొన్ని కిట్లలో ప్యాడ్‌కి మూడు వైర్లు ఉంటాయి. అప్పుడు ఉమ్మడి వైరుకీ మిగతా ఒక్కోదానికీ మధ్య విడివిడిగా కొలవాలి, వచ్చే ఓమ్‌లు కూడా ఈ లెక్కకి సరిపోవు. కిట్ కాగితంలో ఒక్కో ఎలిమెంట్‌కి ఇచ్చిన వాట్లు పట్టుకుని లెక్క కట్టుకోండి.

ప్యాడ్ బాగుంటే ఇక సప్లయి సంగతి. ఇక్కడే చాలామంది మీటరు చేతిలో మోసపోతారు. ప్యాడ్ కలపకుండా కప్లర్‌లో వోల్టేజి కొలిస్తే, లోపల ఒక్క రాగి పోగు మిగిలి ఉన్నా మీటరు పూర్తిగా 12 వోల్టులు చూపిస్తుంది. లోడు పడితేనే అసలు రంగు తెలుస్తుంది. అందుకు ఇండికేటర్‌లో వేసే 21 వాట్ల బల్బు ఒకటి చాలు. దాని హోల్డరుకి రెండు వైర్లు కట్టి కప్లర్‌లోకి పెట్టి, స్విచ్ హైలో వేయండి. బల్బు నిండుగా వెలిగితే సప్లయి బాగుంది. ఎర్రగా మిణుకుమంటే దారిలో ఎక్కడో వైరో, టెర్మినలో, రిలే కాంటాక్టో పాడైంది. అసలు వెలగకపోతే బల్బు ఎర్త్ వైరును తీసి నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కి తాకించండి. అప్పుడు వెలిగితే మీ ఎర్త్ దొంగది. ఫ్రేమ్‌కి పెయింటు మీదే బోల్టు బిగించి ఎర్త్ ఇచ్చే అలవాటు షాపుల్లో ఉంది, అది ఎక్కువ కాలం నిలవదు. హీటర్ ఎర్త్ ఎప్పుడూ బ్యాటరీ నెగెటివ్‌కే తీసుకెళ్లండి.

రిలేకి నాలుగు కాళ్లు ఉంటాయి. 30లోకి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా ప్లస్ రావాలి, 87 నుంచి ప్యాడ్లకి పోవాలి, 85, 86 కాయిల్‌వి. స్విచ్ వేసినప్పుడు రిలే టిక్‌మంటే కాయిల్ పని చేస్తున్నట్టు, అంతవరకే. లోపలి కాంటాక్టులకు కార్బన్ పట్టినా టిక్ వినిపిస్తుంది. బల్బు లోడుతో 30, 87 మధ్య వోల్టేజి కొలవండి. 0.2 దాటితే రిలే మార్చండి, సాధారణ 12 వోల్టుల హారన్ రిలేనే సరిపోతుంది. టిక్ అసలు రాకపోతే 86కి ట్రిగర్ (రిలేని పని చేయించే కరెంటు) ఎక్కడి నుంచి తీశారో చూడండి. హెడ్‌లైట్ వైరు నుంచి తీసి ఉంటే ఇంజను స్టార్టు చేసి చూడండి. 2017 ఏప్రిల్ నుంచి బండ్లకి హెడ్‌లైటు తనంతట తానే వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది. వాటిలో చాలావాటికి ఇంజను తిరిగితేనే ఆ వైరులోకి కరెంటు వస్తుంది. తాళం మాత్రం తిప్పి చూసి హీటర్ పాడైందనుకుంటారు.

ఇవన్నీ బాగుండి, చల్లని సీటులో ప్యాడ్ ఓపెన్ చూపిస్తేనే కవరు విప్పండి. కవరు విప్పడం ఆఖరి పని, మొదటిది కాదు. విప్పాక సీటు బేసు అంచుల వెంట స్టేప్లర్ పిన్నులు ఎక్కడ దిగాయో చూడండి. కవరు బిగుతుగా లాగి పిన్ను కొట్టేటప్పుడు ప్యాడ్ అంచునో, వైరునో పొడిచేయడం మామూలే. వైరు చుట్టల ప్యాడ్ అయితే ఒక్కచోట తెగినా మొత్తం ఆగిపోతుంది. కార్బన్ ఫైబర్ ప్యాడ్‌లో పోగులు పక్కపక్కన కలిసి ఉంటాయి కాబట్టి కొంత తెగినా మిగతాది పని చేస్తుంది. కానీ మడత పడిన చోట కరెంటు ఇరుకు దారిలో పోయి ఆ గీత మాత్రం కాలిపోయేంత వేడెక్కుతుంది. మడత దగ్గర ఫోమ్ గోధుమరంగుకి తిరిగితే ఆ ప్యాడ్‌ను మళ్లీ వాడొద్దు. మళ్లీ కుట్టించేటప్పుడు షాపులో నిలబడి, ప్యాడ్ అంచుకీ పిన్ను గీతకీ మధ్య కనీసం రెండు అంగుళాలు వదలమనండి. ఫోమ్‌కి అంటించేటప్పుడు గమ్ ప్యాడ్ అంతటా పూయనక్కర్లేదు, నాలుగు మూలలా చాలు. మొత్తం పూస్తే రేపు ప్యాడ్ తీయాల్సి వస్తే ఫోమ్ కూడా ఊడి వస్తుంది.

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు): హైవే మీద సీటు వెచ్చగా ఉంటుంది. ఊళ్లోకి వచ్చి సిగ్నళ్ల దగ్గర ఆగుతుంటే కాసేపటికి చల్లారిపోతుంది, మళ్లీ హైవే ఎక్కితే వేడెక్కుతుంది. ఇంకో విషయం, బండికి రెండు ఫాగ్ లైట్లు, ఫోన్ చార్జరు కూడా ఉన్నాయి.

జవాబు: మీ సీటులో లోపం ఉన్నట్టు లేదు, బండి దగ్గర కరెంటు చాలడం లేదు. ఐడిలింగ్‌లో ఆల్టర్నేటర్ (బండిలో కరెంటు పుట్టించేది) తక్కువ ఇస్తుంది. లైట్లు, హీటరు కలిసి అంతకంటే ఎక్కువ లాగితే మిగతాది బ్యాటరీ నుంచి పోతుంది. వోల్టేజి ఒక గీత దాటి పడిపోగానే, స్టార్టింగ్‌కి బ్యాటరీ మిగలాలని కొన్ని కిట్ల కంట్రోలర్లు హీటర్‌ను ఆపేస్తాయి. అది ఆ కంట్రోలర్ చేయాల్సిన పనే.

ఇలా తేల్చుకోండి. ఇంజను ఆపి రాత్రంతా ఉంచాక బ్యాటరీ మీద 12.6 లేదా ఆపైన ఉండాలి, 12.2 ఉంటే సగమే నిండినట్టు. తరవాత ఇంజను స్టార్టు చేసి, అన్నీ ఆన్ చేసి, ఐడిలింగ్‌లో బ్యాటరీ టెర్మినళ్ల మీదే కొలవండి. 13కి తగ్గితే లోటు ఉన్నట్టే. రేజు చేస్తే 13.8 నుంచి 14.4 మధ్యకి రావాలి. రేజు చేసినా రాకపోతే రెగ్యులేటర్–రెక్టిఫైయర్‌నూ, దాని కప్లర్‌నూ చూపించండి. రేజు చేస్తే వస్తోందంటే చార్జింగ్ మంచిదే, లోడు తగ్గించుకోవాలి. ఊళ్లో ఫాగ్ లైట్లు ఆర్పేయండి, హీటర్ లోలో పెట్టండి.

వోల్టేజి కొంచెం తగ్గితే వేడి కొంచెమే తగ్గుతుందనుకుంటారు. అలా కాదు. వేడి వోల్టేజి వర్గంతో మారుతుంది. 4 ఓమ్‌ల ప్యాడ్‌కి 14 వోల్టులు అందితే 49 వాట్లు, 12 అందితే 36, పది మాత్రమే అందితే 25. అందుకే సన్న వైరు, వదులు టెర్మినల్ కలిసి రెండు మూడు వోల్టులు మింగేసినా సీటు చల్లబడినట్టే అనిపిస్తుంది. హీటర్ ఆన్‌లో ఉండగా మీటరు ఒక ప్రోబు బ్యాటరీ ప్లస్ మీద, రెండోది ప్యాడ్ ప్లస్ వైరు మీద పెట్టండి. 0.5 లోపు వస్తే వైరింగ్ బాగుంది. ఎక్కువ వస్తే రెండో ప్రోబును రిలే, ఫ్యూజు మీదుగా ఒక్కో మెట్టూ వెనక్కి జరుపుతూ రండి, ఎక్కడ అంకె ఒక్కసారిగా పడిపోతుందో ఆ మెట్టులోనే లోపం.

ప్రశ్న (మంగళగిరి): స్విచ్ వేయగానే 10 ఆంపియర్ల ఫ్యూజు ఎగిరిపోతోంది. షాపులో 20 వేసి ఇచ్చారు. ఇప్పుడు ఎగరడం లేదు. ఇలాగే వాడొచ్చా?

జవాబు: వద్దు. ఈ రోజే తీసేయండి. ఫ్యూజు ఉన్నది ప్యాడ్‌ను కాపాడటానికి కాదు, వైరు అంటుకోకుండా. ఆ వైరు పెట్రోలు ట్యాంకు పక్క నుంచే పోతోంది.

రెండు 36 వాట్ల ప్యాడ్లు ఇంజను తిరుగుతున్నప్పుడు 14 వోల్టుల దగ్గర దాదాపు 7 ఆంపియర్లు తీసుకుంటాయి. దానికి 10 ఆంపియర్ల ఫ్యూజు, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు సరైన జోడీ. 7.5 ఫ్యూజు అంచు మీద నడుస్తుంది కాబట్టి అకారణంగా ఎగిరినట్టు అనిపిస్తుంది. 10 కూడా వేసిన క్షణంలోనే ఎగురుతోందంటే ఎక్కడో షార్టు ఉంది. 20 ఎగరకపోవడం ఇంకా ప్రమాదం, పది దాటిన కరెంటు ఏదో ఒక చోట వేడి పుట్టిస్తూనే ఉందన్నమాట.

రెండు ప్యాడ్ల కప్లర్లూ విడదీసి, కొత్త 10 ఫ్యూజు పెట్టి స్విచ్ వేయండి. అప్పుడూ ఎగిరితే లోపం బండి వైపు వైరింగ్‌లో ఉంది. సీటు లాక్ కొక్కెం దగ్గర, సీటు బేసు రబ్బరు బుష్షులు ఆనే చోట, సబ్‌ఫ్రేమ్ మూలల్లో వైరు నలిగిందేమో చూడండి. సీటు మూసినప్పుడు పడే బరువంతా ఆ చోట్లే. ఎగరకపోతే ముందు ప్యాడ్ ఒకటి కలిపి, తరవాత రెండోది. ఏది కలిపితే ఎగిరిందో అదే. వేయగానే కాకుండా ఐదు పది నిమిషాలకు ఎగురుతుంటే ఫ్యూజు హోల్డర్ పట్టుకు చూడండి. వదులైన హోల్డర్ తనే వేడెక్కి ఫ్యూజును కరిగిస్తుంది, ప్లాస్టిక్ పసుపు తిరిగి ఉంటుంది. హోల్డర్ బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపే ఉండాలి. రిలే అవతల పెట్టిన ఫ్యూజు, బ్యాటరీ నుంచి రిలే దాకా ఉన్న వైరును కాపాడదు.

ప్రశ్న (తెనాలి): మీటరు ప్రకారం అన్నీ సరిగ్గానే ఉన్నాయి, 3 ఆంపియర్లు తీసుకుంటోంది. కూర్చుంటే మాత్రం వెచ్చదనం తెలియడం లేదు. ఎందుకు?

జవాబు: సీటు మీద నెట్ కవరు ఉందా? ఎండాకాలంలో మనందరం వేసుకునే ఆ గుల్ల కవరు గాలి ఆడటానికే ఉంది. అది వేడిని కూడా కిందనే ఆపేస్తుంది. తీసేసి చూడండి. జెల్ ప్యాడ్, గాలి కుషను ఉన్నా అంతే. అవేవీ లేకపోతే హీటర్‌ను ఫోమ్ కింద పెట్టారేమో అడగండి. అది ఫోమ్ పైన, రెక్సిన్‌కి కిందనే ఉండాలి. ఫోమ్ వేడిని చాలా నెమ్మదిగా వదులుతుంది, అర అంగుళం ఫోమ్ అడ్డున్నా మీదికి వచ్చేది కొంచెమే. ప్యాడ్ కింద పల్చటి ఇన్సులేషన్ షీటు వేస్తే వేడి పైకే వస్తుంది. ఇంకోటి, 30 డిగ్రీల గాలిలో కూర్చుని పరీక్షిస్తే ఏ సీటు వెచ్చదనమూ అంత తేలిగ్గా తెలియదు. తెల్లవారుజామున ఐదింటికి బయట పెట్టి, పది నిమిషాలు ఆన్ చేసి, చేత్తో ముట్టుకుని చూడండి.

ప్రశ్న (లబ్బీపేట, విజయవాడ): విదేశీ టూరింగ్ బండి, హీటెడ్ సీటు కంపెనీ నుంచే వచ్చింది. సర్వీసు తరవాత వెనక సీటు వేడెక్కడం లేదు. కప్లర్‌లో బల్బు పెట్టి సప్లయి చూడొచ్చా?

జవాబు: పెట్టకండి. బీఎమ్‌డబ్ల్యూ కే 1600 వంటి బండ్లలో హీటర్‌ను కంట్రోల్ యూనిటే నడిపిస్తుంది, తనకు తెలియని లోడు కనబడితే లోపంగా రాసుకుని ఆ లైను ఆపేయవచ్చు. మీరు చేయాల్సింది చిన్న పని. సర్వీసులో సీటు తీసి ఉంటారు, సీటు కింద కప్లర్ పూర్తిగా కూర్చుందో లేదో చూడండి. వెనక సీటుకి వేరే స్విచ్ ఉండి, అది ఆఫ్‌లో ఉందేమో కూడా చూడండి. ఇంజను నడుస్తుండగానే పరీక్షించండి. అప్పటికీ రాకపోతే ఫాల్ట్ కోడు (యూనిట్ రాసుకున్న లోపం) చదివించకుండా ఏ పార్టూ కొనకండి.

ప్రశ్న (గుంటూరు): మా నాన్నగారికి షుగర్ ఉంది, పాదాలు, తొడల్లో తిమ్మిరి. నా వెనక కూర్చుని లంబసింగి దాకా వస్తానంటున్నారు. వెనక సీటు హీటర్ ఆన్ చేయొచ్చా?

జవాబు: ముందు ఆయన డాక్టరుని అడగండి. కాలేది చర్మానికి తెలియకపోవడమే ఇక్కడ ప్రమాదం. 44 డిగ్రీల వేడి ముట్టుకుంటే గోరువెచ్చగానే ఉంటుంది, అదే గంటల తరబడి ఒకే చోట తగిలితే చర్మం కాలిపోతుంది. మామూలు మనిషి అసౌకర్యంగా అనిపించి కదులుతాడు. ఆయనకు ఆ సూచన అందదు. డాక్టరు సరేనంటే హైలో అసలు వద్దు. లోలో పది పదిహేను నిమిషాలు వేసి, అరగంట ఆపండి. ఎండ పడుతుంటే పూర్తిగా ఆపేయండి. ఆగిన ప్రతిచోటా తొడల వెనక ఎర్రగా కమిలిందేమో మీరే చూడండి, ఆయన్ని అడిగి ఊరుకోవద్దు. థర్మోస్టాట్ లేని ప్యాడ్ అయితే ఆయన కూర్చునే సీటులో కప్లర్ విడదీసి ఉంచండి. మందపాటి ఉన్ని ప్యాంటు, దాని మీద గాలి చొరబడని పై ప్యాంటు వేయించి తీసుకెళ్లండి.